అయిదు రకాల 'లేదు'

మా ఆఫీసులో ఒకప్పుడు "లేదు" అనడానికి ఒక్క మనిషి సరిపోయేవాడు. ఆయన పేరు ముద్దుకృష్ణయ్య గారు, సూపరింటెండెంటు. ఎవరు ఏ కాగితం పట్టుకొచ్చినా కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి "లేదండీ" అనేవారు. వచ్చినవాళ్ళు లోలోపల తిట్టుకుంటూ వెళ్ళిపోయేవారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు ఆ ఒక్క మాటతోనే నెట్టుకొచ్చి, మెడలో దండతో రిటైరయ్యారు పాపం. ఆయన ఎంత మొరటుగా పనిచేశారో ఆ తర్వాత గానీ మాకు తెలిసి రాలేదు. ఆ "లేదు" ఏ రకం లేదో ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదట.

ఈ లోపాన్ని కనిపెట్టింది మా డిప్యూటీ డైరెక్టరు, అంటే డి.డి., పరాంకుశం గారు. జిల్లాలోని సర్కారు బడుల గోడలు, గదులు, బల్లలు, మరుగుదొడ్లు చూసుకోవలసిన ఆఫీసు మాది. దానికి ఆయన అధిపతి. రాజధానిలో "పదనిర్దుష్టత ద్వారా సుపరిపాలన" అనే మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, ఒక భుజం సంచీ, ఒక నీళ్ళ సీసా, ఒక ధ్రువపత్రంతో తిరిగొచ్చారు. అక్కడ కోటు వేసుకున్న ఒకాయన ఇంగ్లీషులో "కాదు" అనడానికి ఎన్ని దారులున్నాయో తెర మీద బొమ్మలేసి చూపించాడట. మా డి.డి. గారికి ఆ మూడు రాత్రులూ నిద్ర పట్టలేదట. వచ్చిన మర్నాడే మా అందర్నీ మీటింగు హాల్లో కూర్చోబెట్టారు.

"మిత్రులారా! తెలుగువాడు 'లేదు' అనే ఒక్క ముతక మాటతో తరతరాలు కాలక్షేపం చేశాడు. పరిపాలన కుంటుపడటానికి మూలకారణం అదే. ఇంగ్లీషులో అలా కాదు. మాటకు ముందు 'అన్' పెడితే అది ఎన్నడూ జరగనిది. 'డిస్' పెడితే జరిగి ఆగిపోయినది. 'మిస్' పెడితే జరిగింది గానీ తప్పుడు దారిలో జరిగినది. 'నాన్' అంటే అసలు ఆ కోవకే చెందనిది. 'ఇన్' అంటే జరగడానికే వీల్లేనిది. ఇకపై మన కార్యాలయంలో ఏ లేమి అయినా తత్సంబంధిత ఉపసర్గ నిర్ధారణ అయ్యేవరకు ముందుకు కదలరాదు."

వెనక బల్ల దగ్గర నిలబడ్డ అటెండరు ఏసోబు చెయ్యెత్తాడు.

"సార్, నాకీ మీటింగు మీద ఇంట్రెస్టు లేదండి. అదేటి కిందకొస్తది?"

మేమంతా బిగుసుకుపోయాం. డి.డి. గారు మాత్రం మురిసిపోయారు. "మంచి ప్రశ్న. ఆసక్తి లేకపోతే అన్‌ఇంట్రెస్టెడ్. అది క్రమశిక్షణారాహిత్యం. స్వలాభం చూసుకోకపోతే డిస్‌ఇంట్రెస్టెడ్. అది ఉద్యోగికి భూషణం. నువ్వు మొదటిది విడనాడి రెండవదాన్ని అలవరచుకోవాలి."

"మరి టీలు తెచ్చేది ఏ ఇంట్రెస్టుతో తేవాలండీ?"

ఈ విషయం పరిశీలనలో ఉంచుతున్నట్టు డి.డి. గారు మినిట్స్‌లో రాయించారు.

వారం తిరిగేసరికి ఆఫీసు అయిదు సెక్షన్లయింది. పెయింటరు వచ్చి తలుపుల మీద అన్, డిస్, మిస్, నాన్, ఇన్ అని పసుప్పచ్చ రంగుతో రాసిపోయాడు. అన్ సెక్షను భాగ్యరేఖ గారికి ఇచ్చారు. ఆవిడ ఏ కాగితాన్నీ ఒక్క సాక్ష్యంతో నమ్మే మనిషి కాదు. మిస్ సెక్షను కోటిలింగానికి దక్కింది. ఎవరి తప్పయినా దొరికితే చాలు, ఆ రోజు అతనికి అన్నం సయిస్తుంది. నాన్ సెక్షనులో కొద్ది నెలల్లో రిటైరయ్యే ఒక పెద్దాయన కునికిపాట్లు పడుతుండేవాడు. ఇన్ సెక్షనుకు మనిషిని వేయడం వీలు కాలేదు. వీలు కానివన్నీ ఆ సెక్షనువే కాబట్టి అది సక్రమంగానే పనిచేస్తున్నట్టు డి.డి. గారు రికార్డు చేశారు. నాకు డిస్ సెక్షను వచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా గది తలుపు మీద ఏదో ఒకటి రాసి ఉండటం అదే మొదటిసారి. అందుకు కొంచెం పొంగిపోయానని ఒప్పుకోవాలి.

పని ఎలా సాగిందో చెబుతాను. ఒక బడివాళ్ళు ప్రహరీ గోడ లేదని రాశారు. గోడలో వానకు కూలిన భాగం నాకొచ్చింది. అసలు కట్టని భాగం భాగ్యరేఖ గారికి వెళ్ళింది. వంకరగా కట్టిన భాగం కోటిలింగం తీసుకున్నాడు. ఒక్క గోడకు మూడు ఫైళ్ళు తెరిచాం. అక్కడి మేకలు మాత్రం ఎవరి అభిప్రాయం కోసమూ ఆగకుండా మూడు భాగాల్లోంచీ లోపలికొచ్చి మొక్కలు మేస్తూనే ఉన్నాయి. ఫిర్యాదుల పెట్టెలో "మీ పని మాకు తృప్తిగా లేదు" అని నూట నాలుగు కాగితాలు వచ్చాయి. వాటిని డి.డి. గారే స్వయంగా వర్గీకరించారు. "వీళ్ళు డిస్‌శాటిస్‌ఫైడ్ కాదయ్యా, అన్‌శాటిస్‌ఫైడ్. అంటే తనివి తీరలేదు, ఇంకా కావాలంటున్నారు" అని వాటన్నిటినీ ప్రశంసల కింద లెక్కేసి పైకి పంపారు. పైనుంచి అభినందనలు కూడా వచ్చాయి.

ఇదంతా ఇలా వైభవంగా సాగుతుండగా, ఫిబ్రవరి మొదటివారంలో సలోమి టీచరు వచ్చారు.

నల్లరేగడిపాడు బాలికల హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ. యాభై అయిదేళ్ళుంటాయి. చేతిలో నల్ల గొడుగు, చంకలో సంచీ. కాగితం నా బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బడిలో మూడు వందల పన్నెండు మంది ఆడపిల్లలు. రెండేళ్ళ కిందట నాలుగు గదుల మరుగుదొడ్ల కట్టడం పూర్తయింది. పెద్దవాళ్ళెవరైనా వచ్చి రిబ్బను కత్తిరిస్తారని తాళం వేశారు. ఆ పెద్దవాళ్ళకు తీరిక చిక్కలేదు. తాళం అలాగే ఉంది.

"పిల్లలు నీళ్ళు తాగడం మానేశారు సార్" అన్నారావిడ. "పొద్దున ఇంట్లో బయల్దేరేముందే మానేస్తారు. మళ్ళీ సాయంత్రం ఇంటికి పొయ్యిందాకా గుక్కెడు ముట్టుకోరు. ఒంటికి ఎక్కడికి పోతారు చెప్పండి? చుట్టూ మిరప చేలు, కూలోళ్ళు. తొమ్మిదో క్లాసులో నాగూర్‌బీ అని పిల్లుంది. లెక్కల్లో ఆ పిల్లను కొట్టేవాళ్ళు మా మండలంలో లేరు. మూత్రంలో మంటని మూడుసార్లు ఆస్పత్రికి తీసకపోయినారు. వాళ్ళమ్మ నెల రోజులు చూస్తానంది. ఆ తర్వాత బడి మానిపించి మిరపకోతలకు తీసకపోద్దంట."

"రిపేర్లేమైనా ఉన్నాయా మేడం?"

"ఒక్క పెంకు పగల్లేదు. మేస్త్రీ వద్దు, సిమెంటు వద్దు. తాళం తీస్తే చాలు."

మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. కట్టడం అప్పగించినప్పుడు కాంట్రాక్టరు ఇచ్చే తాళంచెవిని ఆ ఫైలుకే టాగుతో కట్టేస్తాం. ఫైలు ఏ బల్ల మీద ఉంటే తాళంచెవి ఆ బల్ల మీద ఉంటుంది. పోదు, తుప్పు పట్టదు, బుద్ధిగా కాగితాల వెంట తిరుగుతుంది. ఏసోబు బీరువాలోంచి ఆ ఫైలు తెచ్చి నా ముందు పడేసినప్పుడు ఇత్తడి తాళంచెవి గలగలమంది. సలోమి టీచరు దాన్నే చూశారు. నేనూ చూశాను. టాగు ముడి విప్పితే అయిపోయే పని. నేను విప్పలేదు. విప్పితే ఏమవుతుందోనని భయం వేసింది. అంతకుమించి వేరే కారణం లేదు.

ఆవిణ్ణి, ఫైలును డి.డి. గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కాగితం చదివి వేలు పెట్టి చూపించారు. "'వాడుకలో లేని మరుగుదొడ్లు' అన్నారు. బాగుంది. కానీ ఏ రకంగా లేవు? అన్‌యూజ్డా? డిస్‌యూజ్డా? ఈ రెంటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉందమ్మా."

"ఏ రకంగా లేకపోయినా పిల్లలకి లేవు గదండీ."

"అది భావోద్వేగం. మాకు కావలసింది నిర్ధారణ" అని ఫైలును అన్ సెక్షనుకు రాశారు.

ఎన్నడూ వాడలేదనడానికి రుజువేమిటని భాగ్యరేఖ గారు అడిగారు. కట్టేటప్పుడు పనివాళ్ళు వాడి ఉండొచ్చు కదా అని ఆవిడ సందేహం. కట్టిన మేస్త్రీకి నోటీసు వెళ్ళింది. అతను అమాయకుడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పోత పోసిన రోజు జోరున వాన పట్టుకుంటే, ఆగలేక ఒక్కసారి లోపలికి వెళ్ళానన్నాడు. భాగ్యరేఖ గారు నిట్టూర్చి, ఇది ఇక అన్ కాదని తేల్చారు. ఒకసారి వాడి మానేశారు కాబట్టి డిస్ అవుతుందని ఫైలు నాకు పంపించారు.

తాళంచెవి మళ్ళీ నా బల్ల మీదికొచ్చింది. డిస్ సెక్షను నిబంధనల ప్రకారం, వాడి మానేసినదాన్ని మళ్ళీ వాడుకలోకి తేవాలంటే మరమ్మతుల జాబితా కావాలి. అక్కడ ఏమీ విరగలేదు. ఏదో ఒకటి విరిగితే తప్ప తెరవడం కుదరదని, అయితే విరగ్గొట్టడానికి ఈ సెక్షనుకు అధికారం లేదని నేను నోటు రాశాను. ఆ నోటు ఎంతో పకడ్బందీగా వచ్చిందని డి.డి. గారు మెచ్చుకున్నారు. సిగ్గుచేటు ఏమిటంటే, ఆ సాయంత్రమంతా నేను సంతోషంగానే ఉన్నాను.

తర్వాత కోటిలింగం ఆ మేస్త్రీ మీద పడ్డాడు. ఆడపిల్లల కోసం కట్టినదాంట్లోకి మగవాడు, అందునా అనుమతి లేకుండా వెళ్ళడం మిస్‌యూజ్ కాక మరేమిటని రెండు వారాల పాటు విచారణ నడిపాడు. వాన పడిందనడానికి వాతావరణ శాఖ నుంచి పత్రం తెమ్మన్నాడు. మేస్త్రీ భయపడి అత్తగారి ఊరికి పారిపోయాడు. ఫైలు నాన్ సెక్షనుకు చేరింది. అక్కడి పెద్దాయన ఒక మధ్యాహ్నం మెలకువ వచ్చినప్పుడు దాన్ని చదివి, ఎవరూ లోపలికి పోలేని గది మరుగుదొడ్డి కోవలోకే రాదు కాబట్టి దీని గురించి ఉత్తరప్రత్యుత్తరాలే అనవసరమని రాసి మళ్ళీ పడుకున్నాడు.

ఈ లోపల సలోమి టీచరు నాలుగుసార్లు తిరిగారు. వచ్చిన ప్రతిసారీ ఫైలు ఏ బల్ల మీదుందో వెతుక్కుంటూ వెళ్ళి, తాళంచెవిని ఒకసారి కళ్ళతో చూసుకుని వెళ్ళేవారు. అయిదోసారి వచ్చేసరికి మార్చి రెండో వారం. ఆవిడ కూర్చోలేదు.

"నాగూర్‌బీ పోయిన సోమవారం నుంచి రావట్లేదు సార్. కోతలకు పోతంది. నిన్న బస్సులోంచి చూశా. నన్ను చూసి కొంగు మొహాన కప్పుకొంది."

నాకూ ఇంట్లో ఎనిమిదో క్లాసు చదివే కూతురుంది. ఆ మాట ఆవిడతో అనబోయి, అనడానికి మొహం చెల్లక మానుకున్నాను.

ఆవిడ గొడుగు పిడి మీద రెండు చేతులూ ఆనించి డి.డి. గారి గది వైపు చూశారు. తర్వాత మెల్లిగా అడిగారు. "మీ డి.డి. గారు మజ్జిగ తాగుతారా?"

"ప్రాణం మేడం. ఎండాకాలం అన్నం లేకపోయినా ఉంటారు గానీ మజ్జిగ లేకపోతే ఉండలేరు."

"అట్టయితే మీ సెక్షన్లన్నీ కలిసి ఒక్కసారి మా బడికొచ్చి చూడమనండి. మీరందరూ కళ్ళతో చూస్తే ఏ లేదో అక్కడే తేలిపోద్ది."

డి.డి. గారు ఈ ప్రతిపాదనకు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఒక క్షేత్రస్థాయి అధికారి ఉపసర్గ నిర్ధారణను స్వయంగా కోరడం జిల్లా చరిత్రలో ఇదే ప్రథమమన్నారు. దానికి "సంయుక్త తనిఖీ" అని పేరు పెట్టి, ఫైలు, తాళంచెవి సహా అందరం రావాలని ఉత్తర్వు ఇచ్చారు.

గురువారం పదకొండింటికి మా జీపు బడి ముందు ఆగింది. ఆవరణ మధ్యలో షామియానా వేసి కుర్చీలు వేశారు. కూర్చోగానే లోటాలతో మజ్జిగ వచ్చింది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి వేసి, కుండలో చల్లబెట్టిన మజ్జిగ. డి.డి. గారు ఒక లోటా తాగి ఆహా అన్నారు. రెండోది తాగి, ఇలాంటిది తమ అమ్మగారి చేతి మజ్జిగ తర్వాత ఇక్కడే తాగానన్నారు. మూడోది సలోమి టీచరు స్వయంగా పోశారు. "ఎండ సార్, తాగాలి" అన్నారు. ఆ పైన కొబ్బరిబోండాలు వచ్చాయి. తర్వాత పళ్ళెం నిండా పుచ్చకాయ ముక్కలు. మా జీపు డ్రైవర్ని, ఏసోబును ఆవిడ భోజనాలు తెమ్మని జీపులోనే పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న టౌనుకు పంపించారు. అంత దూరం ఎందుకని ఏసోబు అడిగితే, పెద్ద సార్లు వచ్చినప్పుడు ఊళ్ళో హోటలు మర్యాద కాదన్నారు.

మూడు వందల పైచిలుకు ఆడపిల్లలు నోటు పుస్తకాలు పట్టుకుని షామియానా చుట్టూ నాలుగు వైపులా కూర్చుని ఉన్నారు.

"వీళ్ళెందుకు?" అన్నారు డి.డి. గారు.

"'అధికారుల తనిఖీ' అని వ్యాసం ఇచ్చాను సార్. మీరు చేసే ప్రతి పనీ దగ్గరుండి చూసి రాయాలి. మార్కులున్నాయి."

డి.డి. గారు పరమానందంతో లేచి ఉపన్యాసం మొదలుపెట్టారు. అన్ గురించి పావుగంట చెప్పారు. డిస్ మొదలుపెట్టేసరికి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చారు. మిస్ దగ్గర కుర్చీ వీపు పట్టుకున్నారు. నాన్ గురించి రెండే వాక్యాలు చెప్పి, మిగతాది సర్క్యులరులో చదువుకొమ్మని కూర్చున్నారు. కూర్చుని వెంటనే లేచారు. నా చెవి దగ్గరికి వంగారు.

"ఇక్కడ… మగవాళ్ళకు ఏర్పాటేమిటయ్యా?"

నేను వెళ్ళి సలోమి టీచరును అడిగాను. ఆవిడ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టారు. "ఏర్పాటంటే అదేగా సార్, ఎదురుగా ఉంది. తాళమేసుంది. మా టీచర్లందరం ఆడోళ్ళమే. మేం పక్క వీధిలో ఒకరింటికి పోయి బతిమాలుకుంటాం. ఇయ్యాల వాళ్ళు ఊళ్ళో లేరు."

డి.డి. గారు గాలి పీల్చుకోవడానికి వెళ్తున్నట్టు బడి వెనక వైపు నడిచారు. పదిహేను మంది పిల్లలు పుస్తకాలతో ఆయన వెనకే వెళ్ళారు. ఆయన ఆగితే ఆగారు. గోడవైపు తిరిగితే ఏదో రాసుకున్నారు. అవతల మిరప చేలో పదిమంది కూలి ఆడవాళ్ళు నడుము ఎత్తి ఇటే చూస్తున్నారు. ఆయన వెళ్ళినదానికంటే వేగంగా తిరిగొచ్చారు. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా నిలిచింది.

"తాళం తియ్యి" అన్నారు నాతో, పళ్ళు కరుచుకుని.

నేను ఫైలు అందుకున్నాను. భాగ్యరేఖ గారు అడ్డం వచ్చారు. "సార్, మేస్త్రీ సాక్ష్యం మీద నాకింకా నమ్మకం లేదండి. అది అన్ అయ్యే అవకాశం ఇంకా ఉంది. మీరు లోపలికెళితే ఆ అవకాశం శాశ్వతంగా పోతుంది."

"డిస్ అనుకున్నా కూడా మరమ్మతుల జాబితా లేదు సార్" అన్నాన్నేను. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

కోటిలింగం జేబులోంచి పెన్ను తీశాడు. "ప్రారంభోత్సవం కాని కట్టడంలోకి పురుషుడు ప్రవేశిస్తే అది మిస్ సార్. మేస్త్రీ విషయంలో మీరే ఖాయం చేశారు. విచారణ తప్పదు."

నాన్ సెక్షను పెద్దాయన పుచ్చకాయ తింటూ, అది మరుగుదొడ్డి కాదని తాను ఎప్పుడో తేల్చానని గుర్తుచేశాడు.

డి.డి. గారు రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి ఆకాశం వైపు చూశారు. అప్పుడాయన వేసిన కేకకు పిల్లలు రాయడం కూడా ఆపేశారు. "ఇన్! ఇది ఇన్ కేసు! ఇంక ఆగడానికి వీల్లేనిది! ఇన్ సెక్షను ఉత్తర్వు! తియ్యవయ్యా!"

ఇన్ సెక్షనులో అభ్యంతరం చెప్పడానికి మనిషి లేడు. నేను టాగు విప్పాను. ఇన్నాళ్ళూ బల్ల నుంచి బల్లకు తిరిగిన ముడి అది, రెండు లాగుల్లో ఊడొచ్చింది. తాళం కూడా కిర్రుమనకుండా తెరుచుకుంది. లోపల నాలుగు బకెట్ల నిండా నీళ్ళు ఉన్నాయి. కిటికీలోంచి గొట్టం వేసి ఎవరో పొద్దున్నే నింపించారు. ఎవరో నేను అడగలేదు.

డి.డి. గారు బయటికి వచ్చేసరికి మొహం ప్రశాంతంగా ఉంది. మనిషి మారిపోయి ఉంటాడని నేను ఆశపడ్డాను. ఆయన జేబురుమాలుతో చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకుని, "ఇప్పుడు ఈ కట్టడం ఏ ఉపసర్గ కిందికి వస్తుంది?" అని అడిగారు.

అంతే, అయిదుగురం షామియానా కిందికి చేరాం. ఒకసారి వాడి బయటికొచ్చారు కాబట్టి డిస్ అని భాగ్యరేఖ గారు అన్నారు. బాధ్యుడెవరో తేలాక గానీ ఏదీ చెప్పలేనని కోటిలింగం డి.డి. గారి వంకే చూస్తూ అన్నాడు. ఆ చూపుకు డి.డి. గారికి చెమట మళ్ళీ మొదలయింది. తాను లోపలికి వెళ్ళింది అధికార హోదాలో కాబట్టి అది వాడకమే కాదని, తనిఖీ అని ఆయన వాదించారు. ఈ వాదన గంటన్నర నడిచింది.

ఆ గంటన్నరలో మా వెనక ఏం జరిగిందో నేను ఒక్కణ్ణే చూశాను. సలోమి టీచరు ఈల ఊదలేదు, అరవలేదు. చేత్తో సైగ చేశారు. ఆరో క్లాసు లేచింది. వరసగా, చప్పుడు లేకుండా, ఒకరి వెనక ఒకరు వెళ్ళి వచ్చారు. తర్వాత ఏడు, ఎనిమిది. వచ్చిన పిల్లలు తిన్నగా వరండాలో ఉన్న కుండల దగ్గరికి వెళ్ళి, గ్లాసులు ముంచుకుని గటగటా తాగుతున్నారు. ఒక చిన్నపిల్ల తాగి, ఆగి, మళ్ళీ తాగింది. నేను తల దించుకుని ఫైలు చూస్తున్నట్టు నటించాను.

భోజనాలు వచ్చేసరికి పదో క్లాసు కూడా అయిపోయింది. వాదన మాత్రం తెగలేదు. డి.డి. గారు విసిగిపోయి, వాస్తవ స్థితిని ఒక్క వాక్యంలో రాయమని ఫైలు నా ముందుకు తోశారు. నేను వెనక్కి తిరిగి ఒకసారి చూసి రాశాను.

డి.డి. గారు చదివారు. "'బాలికలు వాడుతున్నారు.' ఇదేమిటయ్యా? ఇందులో వ్యతిరేకార్థం ఏదీ?"

"లేదు సార్."

"ఏ రకం లేదు?"

"ఏ రకమూ లేదు సార్. చూసుకోండి" అని చెయ్యి చూపించాను.

ఆయన చూశారు. తాళం వేయించాలంటే ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు ఇవ్వాలంటే ఫైలు ఏదో ఒక సెక్షనుకు చెందాలి. మా ఆఫీసులో లేనివాటికి అయిదు సెక్షన్లున్నాయి గానీ ఉన్నదానికి ఒక్కటీ లేదు. ఫైలు మూడు రోజులు తపాలా బల్ల మీద దిక్కులేకుండా పడుండి, చివరికి బీరువాలోకి వెళ్ళింది. తాళంచెవి దాని వెంటే వెళ్ళింది. బడి దగ్గర తాళం కప్ప ఒక్కటే వేలాడుతోంది.

ఉపసర్గ లేని నివేదిక సమర్పించినందుకు సంజాయిషీ చెప్పమని నాకు మెమో వచ్చింది. మెమో అందిస్తూ ఏసోబు నవ్వాడు. "సార్, ఇన్నేళ్ళకి ఒక మాట సూటిగా రాశారు. దానికి మెమో ఇచ్చారు. ఫ్రేము కట్టించి పెట్టుకోండి."

పది రోజుల తర్వాత సలోమి టీచరు మళ్ళీ వచ్చారు. ఈసారి గుమ్మంలోనే నవ్వుతూ కనిపించారు. నాగూర్‌బీ తిరిగొచ్చిందట. వాళ్ళమ్మే తీసుకొచ్చి, ముందు మరుగుదొడ్లు నాలుగూ తలుపులు తీసి చూసుకుని, గడియలు పడతాయో లేదో పరీక్షించి, తర్వాత పిల్లను క్లాసులో కూర్చోబెట్టిందట. పోయిన లెక్కలన్నీ ఆ పిల్ల రెండు రోజుల్లో చేసేసిందని చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు తడయ్యాయి.

"మరి ఈ కాగితం దేనికి మేడం?"

"పిల్లలు ఇప్పుడు నీళ్ళు బాగా తాగుతున్నారు సార్. ఉన్న రెండు కుండలు చాలట్లేదు. ఇంకో నాలుగు కావాలి."

నేను కాగితం తీసుకున్నాను. నీళ్ళు చాలట్లేదు. ఈ చాలకపోవడం ఎన్నడూ చాలకపోవడమా, ఒకప్పుడు చాలి ఇప్పుడు మానేయడమా, అసలు నీళ్ళు తాగడం సక్రమ వినియోగమేనా అని ఆలోచన దానంతటదే మొదలైపోయింది. పక్క గదిలోంచి డి.డి. గారు ఎవరికో డిస్ గురించి చెబుతున్న గొంతు వినబడుతోంది. ఇన్‌వర్డు ముద్ర నా చేతికి అందేంత దూరంలో ఉంది. నేను దాని జోలికి పోలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని లేచాను.

"పదండి మేడం, కుమ్మరి వీధి దగ్గరే."

ఆవిడ ప్రతి కుండనూ వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని, నాలుగు ఏరారు. కుమ్మరాయన మూతులకు గడ్డి చుట్టి, రెండింటిని తన కుర్రాడి చేత మా వెంట పంపాడు. బస్టాండు వైపు నడుస్తుంటే ఆవిడ గొడుగు విప్పుకుంటూ అన్నారు.

"ఒక మాటడుగుతా, ఏమనుకోవద్దు. నేను మొదటిరోజు వచ్చినప్పుడే మీరిట్టా లేచుంటే, పాపం ఆ పిల్ల నెత్తి మాడే ఎండలో మిరపకాయలు కోసేది కాదు గదా సార్? నేను అంత మజ్జిగ చిలకాల్సిన పనుండేది కాదు గదా?"

రెండు కుండలు రెండు చంకల్లో పెట్టుకుని ఆవిడ వెనకే బస్టాండు దాకా నడిచాను.